రెండో హుక్కు

మా ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు గుమ్మం పక్కనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కోవాలి. నోరు పుక్కిలించాలి. ఆ తర్వాతే లోపలికి. కొత్తవాళ్ళు మొహం ముడుచుకుంటారు. పాతవాళ్ళు "కోటలోకి రావచ్చా?" అని వెక్కిరిస్తారు. మా వదిన మాత్రం ఏమీ అనదు. మోచేతుల దాకా సబ్బు రాసుకుని, వేళ్ళ సందులు రుద్దుకుని, గోళ్ళ కిందికి కూడా నీళ్ళు పోనిచ్చి కడుక్కుంటుంది. ఆమె పనిచేసే చోట అలాగే కడుక్కుంటారట.

ఆ సాయంత్రం కుళాయి చప్పుడు ఎంతకీ ఆగలేదు. కుట్టుమిషను ఆపి చెవి ఒగ్గాను. నీళ్ళు పోతున్నాయి గానీ రుద్దుతున్న చప్పుడు లేదు. ఊరికే చేతులు చాపి నిలబడినట్టుంది.

మిషను బల్ల కింద నుంచి నా కూతురు గుసగుసగా, "అమ్మా, సూదత్త వచ్చింది. నేను లేనని చెప్పు" అంది.

వదినంటే మా ఆయనకు అక్క. నా కూతురికి మేనత్త. మొన్నమొన్నటి దాకా పిల్ల ఆమె చంక దిగేది కాదు. కాళ్ళకు చుట్టుకుని, బ్యాగులో చెయ్యి పెట్టి, నానా అల్లరీ చేసేది. క్లినిక్కులో రక్తం తీయించిన రోజు నుంచి సూదత్త అయిపోయింది. నిజానికి ఆ రోజు గుచ్చింది నర్సు. పట్టుకున్నది నేను. వదిన అక్కడ లేనే లేదు. అయినా ఆ రక్తం అత్త పని కోసమని చెప్పిన పాపానికి పేరు మాత్రం ఆమెకు పడింది. పిల్లను మేమంతా పిట్ట అంటాం. చెయ్యి పట్టుకుంటే ఎముకే తగులుతుంది. నరం దొరక్క ఆ రోజు రెండు చేతులూ కుళ్ళబొడిచారు.

వదిన లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. భుజాన బ్యాగు కూడా తీయలేదు.

"ఏంటే ఆ మొహం? పెళ్ళికొడుకు పారిపోయాడా?" అంది మా అత్తయ్య వంటింట్లోంచి.

అది ఆ తల్లీకూతుళ్ళ పాత హాస్యం. వదినకు ఎవరు సంబంధం తెచ్చినా "నా పెళ్ళి వేరుశెనగ గింజతో అయిపోయింది, వదిలెయ్యండి" అనేది. అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుని చివరికి తనే ఆ గింజను అల్లుడు అనడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పేరెత్తితే ఒళ్ళు జలదరించే ఆ గింజ అలా చుట్టమైపోయింది.

ఎందుకు జలదరిస్తుందంటే, పిట్టకు అది పడదు. నడక బాగా వచ్చిన కొత్తలో పక్కింటి పిల్ల ప్రేమగా సగం బిస్కెట్టు పెట్టింది. దాంట్లో ఆ గింజ పొడి ఉందని ఎవరికి తెలుసు? చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి. ఏడుపు కాస్తా కుక్కపిల్ల అరుపులా మారింది, తర్వాత అదీ ఆగిపోయింది. నేను చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరిగెత్తాను. ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షను ఇచ్చాక దాని రంగు తిరిగింది గానీ నా రంగు ఇంతవరకూ తిరగలేదు. అప్పటినుంచి పెన్నులా ఉండే ఆ ఇంజెక్షను నా నడుముకు కట్టుకునే సంచిలోనే ఉంటుంది. స్నానానికి వెళ్తే తలుపు బయట కొక్కేనికి వేలాడుతుంది.

నేను ఇంట్లో కూర్చుని స్కూలు స్కర్టులు కుడతాను. షాపాయన కట్టల కొద్దీ పంపిస్తాడు. ఊళ్ళో పిల్లలందరి నడుములకూ నా హుక్కులే. నా పిల్ల మాత్రం ఇంకా బడి గడప తొక్కలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు మంచావిడే. "ఇంతమంది పిల్లల డబ్బాలు నేను కాపలా కాయలేనమ్మా. దీనికేదో మందొస్తోందంటున్నారుగా, అది పడ్డాక తీసుకురండి, మొదటి బెంచీలో కూర్చోబెడతాను" అంది. ఆ మందు చేస్తున్నది మా వదిన పనిచేసే ల్యాబు వాళ్ళే. అందుకే ఆమె మొహంలో గీత కదిలినా నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆ మందు సంగతి వదిన ఒకసారి నాకు విడమరిచి చెప్పింది. నా చదువు మధ్యలోనే ఆగిపోయింది, పుస్తకం మాటలు తలకెక్కవు. అందుకని నా ఒళ్ళోని స్కర్టు తీసుకుని దాని మీదే చెప్పింది.

"ఇదే గింజలో ఉండే ప్రోటీను అనుకో. దీని మీద అక్కడక్కడా ఇలా హుక్కులుంటాయి. పిట్ట ఒంట్లో సంచుల్లాంటివి తిరుగుతుంటాయి. వాటి మీదంతా కాజాలే. లోపలంతా దురదా వాపూ పుట్టించే సరుకు."

"హుక్కు వెళ్ళి కాజాలో పడితే?"

"ఒక్కటి పడితే ఏం కాదు. కాసేపు వేలాడి ఊడిపోతుంది. ఒకేసారి రెండు హుక్కులు రెండు కాజాల్లో పడ్డాయనుకో, లాగినట్టయి సంచి పగులుతుంది."

"అయితే హుక్కులన్నీ పీకేస్తే పోలా?"

"గుడ్డ చిరక్కుండా పీకాలి. అదే కదా నా తిప్పలు. గుడ్డ అదే ఉండాలి. అప్పుడే ఒళ్ళు దాన్ని రోజూ చూసి చూసి, ఇది మన పక్కింటిదే, భయం లేదు అనుకుంటుంది. మరీ మార్చేశామనుకో, ఇదెవరో వేరే మనిషి అనుకుని ఏమీ నేర్చుకోదు."

వాళ్ళు ఆ ప్రోటీనును గింజలోంచి పిండరట. తామే తయారుచేస్తారట, హుక్కున్న చోటల్లా చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ. ఒక్క హుక్కును మాత్రం తెలిసే వదిలేశారు. దాన్ని పీకితే గుడ్డ ఆకారమే పోతోందట. ఒక్కటే కదా, ఒక్కదానితో సంచి పగలదు కదా అని ధైర్యం.

ఎవరి నోట్లోనూ వెయ్యకముందు మందును రక్తంతో చూస్తారు. పడనివాళ్ళ రక్తం తెచ్చి గొట్టాల్లో పోస్తారు. ఒక గొట్టంలో మామూలు గింజ సారం కలుపుతారు. ఒకదాంట్లో కొత్త మందు. ఇంకోదాంట్లో ఏమీ కలపరు, అది సరిచూసుకోవడానికి. ఏ గొట్టంలో సంచులు పగిలాయో మెషీను చెబుతుంది. పిట్ట రక్తం వెళ్ళింది అందుకే. గొట్టం మీద పేరుండదు, గుర్తు మాత్రమే ఉంటుంది.

"ఫలితాలొచ్చాయా వదినా?" అన్నాను.

"వచ్చాయి."

"బాగాలేవా?"

"బాగున్నాయి. అందరి రక్తమూ చెరువులా ఊరుకుంది. మందు వేసినా ఒక్క సంచి కదల్లేదు." బ్యాగు భుజం మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్కరిది తప్ప."

అత్తయ్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"ఆ ఒక్కటీ లెక్కలోకి రాదు. ఏమీ కలపని గొట్టంలో కూడా కొంచెం పగిలాయి. అంటే ఆ రక్తం దారిలోనే పాడయినట్టు. అలాంటిది పక్కన పెట్టెయ్యాలని రూలు. మా ల్యాబు పెద్దాయన కూడా పెట్టెయ్యమన్నారు."

"రూలుంటే పెట్టెయ్యక ఏడుపెందుకే? పుల్లగా ఉన్న పాలు పారబొయ్యమా?" అంది అత్తయ్య.

"పాలు పుల్లబడ్డాయో, ఆవే తేడానో తెలియాలి కదమ్మా."

నేను ఒళ్ళోని స్కర్టు మడత పెట్టాను. మళ్ళీ విప్పాను. "అది ఎందుకు పాడయింది?" అని అడిగాను.

"ఆ రోజు లిఫ్టు ఆగిపోయింది. రక్తం తెచ్చిన మనిషి అందులోనే ఇరుక్కున్నాడు. బయటికి తీసేసరికి ఆలస్యమైంది."

లిఫ్టు ఆగిన రోజు నాకు గుర్తుంది. క్లినిక్కు కిందా, వదిన వాళ్ళ ల్యాబు అదే కట్టడంలో పైనా ఉంటాయి. రెండు చేతులకూ కట్లున్న పిట్టను ఎత్తుకుని బయటికొస్తుంటే లోపలెవరో లిఫ్టు తలుపు దబదబా బాదుతున్నారు.

"ఆ రోజు ఇంకెవరి రక్తమైనా వచ్చిందా?"

వదిన నా వైపు చూడలేదు. "నాకు తెలియకూడదు. గొట్టం మీద పేరుండదు."

"వచ్చిందా వదినా?"

"రాలేదు."

బల్ల కింద పిట్ట దారపు ఉండతో ఏదో ఆడుకుంటోంది. అది దొర్లిన చప్పుడు మా ముగ్గురికీ వినిపించింది.

వదిన బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది. దాన్ని పక్కన పెడితే మందు ముందుకు పోతుంది. మనుషులకు ఇచ్చి చూడటం మొదలవుతుంది. కొత్త రక్తం తెచ్చి మళ్ళీ చూసి అది గనక పగిలితే మందు వెనక్కి వస్తుంది. ఎక్కడో వాళ్ళకు తెలియని ఇంకో హుక్కు ఉన్నట్టు. దాన్ని వెతకాలి, పీకాలి, గుడ్డ చిరిగిందా అని చూడాలి, మళ్ళీ అందరి రక్తంతో చూడాలి.

"మళ్ళీ రక్తం ఇమ్మని నేను అడగట్లేదు. నా మేనకోడలు కాబట్టి నేను అడక్కూడదు. అసలు ఇది మీకు చెప్పడమే తప్పు. మోయలేక చెప్పానంతే" అంది.

"చెప్పావుగా, మోతంతా మా నెత్తిన దింపావుగా, ఇక తిని పడుకో," అంది అత్తయ్య. అంతలోనే నా వైపు తిరిగి, "ఏమ్మాయ్, నువ్వేం ఆలోచించకు. పిల్ల బడికెళ్ళాలి. మందు రానీ. బుడ్డదాని చేతుల్లో ఇంకా గుచ్చడానికి చోటెక్కడుంది?" అంది.

మర్నాడు పొద్దున మా ఆయన వ్యానుకు వెళ్తూ బూట్లు తొడుక్కుంటుంటే చెప్పాను. ఆయన ఊళ్ళ మధ్య సరుకు తిప్పుతాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా సగం రోడ్డు మీదే ఉన్నట్టుంటాడు.

"రూలు ప్రకారం పక్కన పెట్టాలంటున్నారుగా, మధ్యలో నీకెందుకు? వాళ్ళు చదువుకున్నవాళ్ళు" అన్నాడు.

"చదువుకున్న ఆవిడే ఏడుస్తోందండీ."

"అక్క చిన్నప్పట్నుంచీ అంతే. పరీక్ష బాగా రాసొచ్చి కూడా ఏడ్చేది." లేసు బిగించి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "నీకేమనిపిస్తోంది?"

నాకేమనిపిస్తోందో ఆయనకు చెప్పలేకపోయాను. నాకు లోకంలోని పిల్లలు గుర్తుకు రాలేదు. నా కళ్ళ ముందు ఒకే ఒక్క బొమ్మ ఉంది. మందొచ్చింది. అందరూ సంతోషించారు. డాక్టరు గారు సీసా నా చేతికిచ్చి, రోజూ పొద్దునే ఒక చెంచా అన్నారు. పిట్ట నోరు తెరిచింది. చెంచా పట్టుకున్న చెయ్యి నాది. బిస్కెట్టు పెట్టింది పక్కింటి పిల్ల కాబట్టి ఎవరినో ఒకరిని తిట్టుకున్నాను. ఈ చెంచాకు ఎవరిని తిట్టుకోను?

"మళ్ళీ రక్తం ఇప్పిస్తానండీ," అన్నాను.

ఆయన కాసేపు తాళంచెవులు ఆడించాడు. "నేను పట్టుకోలేను. నేనుంటే ఇద్దరం ఏడుస్తాం" అని వెళ్ళిపోయాడు.

వదినకు చెప్పలేదు. రక్తం పాడయితే మళ్ళీ ఇవ్వచ్చని క్లినిక్కు వాళ్ళు మొదటిరోజే అన్నారు. ఆ మాట పట్టుకుని వెళ్ళాను. పిట్టను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బెలూను అంటే వద్దంది. బొమ్మ అంటే వద్దంది. చివరికి బేరం స్కర్టు దగ్గర కుదిరింది. కుట్టు వంకర పోయి షాపాయన తిరగ్గొట్టిన నీలం స్కర్టు ఒకటి బల్ల కింద పడుంది. అది తనకే కావాలంది.

"బడికెళ్ళే అక్కలు వేసుకునేదే కదమ్మా?"

"అదే."

"అయితే ఒక్కసారే గుచ్చాలి."

నర్సు మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. "అబ్బో, పిట్టగారు! ఈసారి నన్ను కరవనని మాటివ్వు."

"నువ్వు గుచ్చనని ఇవ్వు," అంది పిట్ట.

"నేను గుచ్చకపోతే నాకు జీతం రాదమ్మా."

"మానెయ్యి పని."

నర్సు నవ్వింది గానీ చెయ్యి ఆగలేదు. వేడి నీళ్ళ సంచి పెట్టి చాలాసేపు కాచింది. మోచేతి మడతలో వేలితో తడిమి తడిమి చూసింది. నేను పిల్ల మొహాన్ని నా మెడలో దాచుకున్నాను. సూది దిగినప్పుడు అది అరవలేదు. నా భుజం కొరికింది. ఎర్రగా గొట్టంలోకి వస్తుంటే నేను మాత్రం గోడమీది గడియారాన్ని చూస్తూ, ముల్లు కదలట్లేదేంటని తిట్టుకున్నాను.

రక్తం పైకి తీసుకెళ్ళే మనిషి వచ్చాడు. లిఫ్టు వైపు తిరిగాడు.

"బాబూ, మెట్లెక్కి వెళ్ళు," అన్నాను.

"లిఫ్టు బాగుచేశారమ్మా."

"తెలుసు. మెట్లెక్కు. నేనూ వస్తాను."

అతను నన్నూ, నా చంకలోని పిల్లనూ, నడుముకున్న సంచినీ చూసి ఏమనుకున్నాడో, నిట్టూర్చి మెట్లెక్కాడు. వెనకాలే నేను. మోకాళ్ళు పీకుతున్నాయి. పైన అద్దాల తలుపు దాకా వెళ్ళి, అతను లోపలికిచ్చేదాకా చూశాను. లోపల వదిన ఉంది. టోపీ, మాస్కు, మోచేతుల దాకా తొడుగులు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నన్ను చూసింది. ఆమె చెయ్యెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పేరు లేని గొట్టానికి తల్లి ఉండకూడదు కదా. అక్కడే వెనక్కి తిరిగి దిగొచ్చేశాను.

ఆ తర్వాత వదిన రెండు మూడు రోజులు రాలేదు. నేను కుట్టిన స్కర్టుల్లో హుక్కులు ఒక వైపున ఉండాల్సినవి ఇంకో వైపున పడ్డాయి. షాపాయన కట్టంతా తిప్పి పంపాడు. ఆ కట్ట విప్పుకుని, ఒక్కొక్క హుక్కే ఊడదీస్తూ కూర్చున్న సాయంత్రం గుమ్మం దగ్గర కుళాయి విప్పిన చప్పుడైంది. ఈసారి రుద్దుతున్న చప్పుడు కూడా వినిపించింది. మోచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు. ఆమె తీరిగ్గా కడుక్కుంటోందంటే చెప్పడానికి తొందర లేదన్నమాట. నాకు అర్థమైపోయింది.

వదిన వచ్చి నా పక్కనే నేలమీద కూర్చుంది.

"ఏమీ కలపని గొట్టం ఊరుకుంది. చెరువులా ఉంది. రక్తం బాగుంది" అంది.

"మందు వేసింది?"

"పగిలింది. గింజ వేసిన గొట్టానికీ దీనికీ పెద్ద తేడా లేదు."

అత్తయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే మనిషి, ఆ రోజు కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయింది. చివరికి, "ఇప్పటిదాకా మీరు చేసిందంతా గంగలో పోసినట్టేనా?" అంది.

"అంతా కాదమ్మా. మేం వదిలేసిన హుక్కు ఒకటుందిగా. దానికి తోడు ఇంకోటి ఎక్కడో ఉంది. వేరేవాళ్ళ ఒంట్లో దానికి కాజా లేదు. పిట్ట ఒంట్లో ఉంది. పిట్టలాంటి వాళ్ళు ఇంకా ఎందరున్నారో."

"పెద్దాయన ఏమన్నారు?"

"చాలాసేపు ఆ కాగితమే చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందు కాఫీ తాగుదాం పద అన్నారు. తాగాం. చక్కెర వేసుకోవడం ఇద్దరం మర్చిపోయాం."

"ఎన్నాళ్ళు పడుతుంది వదినా?" అడగకూడదనుకుంటూనే అడిగాను.

"తెలీదు."

"ఈ బడి ఏడాదికి..."

"తెలీదు మరదలా. అబద్ధం చెప్పమంటే చెబుతాను."

వద్దన్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్ళంతా తడి గుడ్డలా బరువెక్కింది, అంతే. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఏం చెప్పాలో ఆలోచించాలి. తరగతి బయట వరండాలో స్టూలేసుకుని కూర్చుంటానంటే ఒప్పుకుంటుందేమో. హుక్కులు అక్కడ కూర్చునైనా కుట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఇంకేదైనా చూడాలి. చూడాల్సినవి ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయి.

బల్ల కింద నుంచి పిట్ట తల బయటపెట్టింది. నీలం స్కర్టు వేసుకుని ఉంది. నడుము మరీ వదులు, ఒక చేత్తో పట్టుకుంది. సూదత్తను దూరం నుంచే పరీక్షగా చూసింది. వదిన మోచేతి మడతలో చిన్న దూది, దాని మీద అంటించిన ప్లాస్టరు ఉన్నాయి. చేతులు కడుక్కున్నప్పుడు తడిసి ఒక అంచు లేచింది.

"నీకూ గుచ్చారా?"

"ఆఁ. పడనివాళ్ళ రక్తం పక్కన పడేవాళ్ళ రక్తం కూడా పెట్టి చూడాలి. అందుకని నాదీ తీస్తారు."

"రోజూనా?"

"రోజూ కాదు. చాలాసార్లు."

పిట్ట బల్ల కింద నుంచి పూర్తిగా బయటికొచ్చింది. "ఏడ్చావా?"

వదిన నా వైపు చూసింది, తర్వాత దాని వైపు. "గుచ్చినప్పుడు ఏడవలేదు. తర్వాత ఏడ్చాను."

"నేను ఏడవలేదు. అమ్మను కొరికాను" అని పిట్ట గొప్పగా చెప్పింది. దగ్గరికొచ్చి, లేచిన అంచును వేలితో అదిమి అంటించింది. అది అంటలేదు. మళ్ళీ అదిమింది. అత్తయ్య వంటింట్లోకి తిరుగుతూ, "అల్లుడు మళ్ళీ అలిగాడన్నమాట. ఇంకా ఎన్నాళ్ళు బతిమాలాలో ఏమో. తిండైనా తిని బతిమాలండి" అంది. ఎవరమూ నవ్వలేదు గానీ ఇంట్లో గాలి కొంచెం కదిలినట్టయింది.

వదిన పిట్ట నడుము పట్టి చూసింది. "ఇంత వదులేంటే? ఇటివ్వు, హుక్కు జరుపుతాను."

నా దగ్గర ఊడదీసే పనిముట్టు తీసుకుని ఆ హుక్కును విడదీసింది. గుడ్డ చిరక్కుండా, ఒక్కొక్క దారమే తెంపుతూ, ఊపిరి బిగబట్టి తీసింది. అంత బాగా ఊడదీసిన మనిషి కుట్టడంలో మాత్రం వట్టి మొద్దు. హుక్కును వంకరగా పెట్టి, దారం ముడి పైకే వదిలేసింది. పిట్ట తొడుక్కుని, రెండు చేతులూ వదిలేసి, గది అంతా గిర్రున తిరిగింది. స్కర్టు జారలేదు.

నేను మిగిలిన కట్టను దగ్గరికి లాక్కున్నాను. వదిన గోడకు ఆనుకుని, కూర్చున్న చోటే కళ్ళు మూసుకుంది. ఆ వంకర హుక్కును తర్వాత నేనే మళ్ళీ కుట్టాలి.